పంతొమ్మిది నిమిషాల వెచ్చదనం

"ఆరింటికి మేజిస్ట్రేటు గారు అరెస్టు కాగితం మీద సంతకం పెడతారు. ఆ తరవాత ఆవిడని జైల్లో కలిసి నీ ప్రశ్నలన్నీ తీరిగ్గా అడుక్కో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెస్కోవి.

ఓర్నెల్లా దినెల్లి గోడ గడియారం చూసింది. నాలుగు గంటల పది నిమిషాలు. నోట్లో నములుతున్న అతిమధురం పుల్లని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చింది. సిగరెట్లు మానేసి పద్నాలుగు నెలలైంది. ఇలాంటి రోజున ఆ పుల్ల ఏ మూలకీ చాలదు.

"గంటా యాభై నిమిషాలు ఉందిగా. నీకు కంగారుగా ఉంటే కిందకెళ్ళి కాఫీ తాగిరా," అంది.

"నాకేం కంగారు? లోపలికి కార్డు గీసి వెళ్ళింది ఇద్దరే. ఒకడు చచ్చాడు. రెండోది ఆవిడ. రెండులోంచి ఒకటి తీసెయ్యడానికి నాకు ప్రొఫెసర్లు అక్కర్లేదు."

కేసు మొదట చేతికొచ్చింది వెస్కోవికే. మూడింటికల్లా ముద్దాయిని తేల్చేశాడు కూడా. ఓర్నెల్లా కూడా పోలీసు అధికారే; ఆమెని పైవాళ్ళు పంపింది అతని పని సరిచూడమని. అందుకే అతనికి ఒళ్ళు మండుతోంది.

పీసా ఊరి బయట ఉన్న ఈ ప్రయోగశాలలో మూడేళ్ళుగా ఒకటే పని నడుస్తోంది. జెనీవా దగ్గర భూగర్భంలో ప్రోటాన్లని ఢీకొట్టించే ఒక ప్రయోగానికి కొత్త కళ్ళు అమరుస్తున్నారు. ఢీకొన్న చోటి నుంచి చెదిరిపోయే కణాలు ఏ దారిన పోయాయో పట్టి ఇచ్చే సిలికాన్ పలకల్ని ఇక్కడ చేత్తో అతికి, తీగలు కట్టి, కొలిచి పంపుతారు. మాడ్యూళ్ళంటారు వాటిని. ఒక్కోటి అరచేయంత ఉంటుంది. ఉండాల్సిన చోటు నుంచి వెంట్రుక మందంలో పదో వంతు జరిగినా పనికిరాదు. తేమ అసలు పడదు. అందుకని ధూళి చొరబడని క్లీన్ రూమ్‌లో ఒక మూల, అద్దం తలుపున్న చిన్న గదిలో, బీరువాల్లో దాచి వాటిలోకి ఎప్పుడూ నైట్రోజన్ వదులుతుంటారు.

ఇవాళ మధ్యాహ్నం రెండూ ఐదుకి ఆ చిన్న గదిలోనే డాక్టర్ ఎత్తోరె బార్సాంతి చచ్చిపడి ఉన్నాడు. వయసు నలభై ఒకటి. మాడ్యూళ్ళ కొలతలన్నీ చూసేది అతనే. ఒక బీరువాకి వెళ్ళే నైట్రోజన్ గొట్టం ఊడి ఉంది. గదిలో నైట్రోజన్ నిండి ప్రాణవాయువు తగ్గితే మోగాల్సిన గంట మోగలేదు. శవాన్ని మొదట చూసి కేక పెట్టింది తీగలు అతికే ఫియొరెంజా లూపి. వెస్కోవి లెక్కలో మిగిలిన రెండో మనిషి ఆవిడే.

* * *

ఫియొరెంజా బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్ల తొడుగు నడుం దాకా విప్పి వదిలేసి, మెడలో ఊదారంగు కండువా వేసుకుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. అంత పెద్ద వేళ్ళతో, వెంట్రుకలో మూడో వంతు సన్నపు తీగల్ని రోజుకి మూడు వేలు ఎలా అతుకుతుందో ఓర్నెల్లాకి అర్థం కాలేదు.

"ఈ పనికి ముందు ఏం చేసేవారు, సిన్యోరా?"

"శాంతా క్రోచెలో చెప్పుల కార్ఖానా. పంతొమ్మిదేళ్ళు పై తోలు కుట్టాను. సూదైతేనేమిటి, తీగైతేనేమిటి! చెయ్యి వణక్కూడదు. అంతే." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఇవాళ వణుకుతోంది చూడండి."

"పన్నెండూ నలభైకి బయట వరండాలో మీరూ ఎత్తోరె అరుచుకున్నారట. అందరూ విన్నారు."

"విననీండి. ఊరంతా వినాల్సిన మాటే అది."

"అయితే నాకూ చెప్పండి."

ఫియొరెంజా గొంతు తగ్గించింది. "ఈ మాడ్యూళ్ళని అక్కడ మైనస్ ముప్పై ఐదు డిగ్రీల చలిలో నడుపుతారు. అందుకే ఇక్కడినుంచి పంపేముందు ప్రతీదాన్నీ పదిసార్లు చలి పెట్టెలో పెట్టి తియ్యాలి. ఆ పరీక్ష గది లాపో బెకాత్తిది. మూడొందల పన్నెండు మాడ్యూళ్ళకి 'పరీక్ష అయింది, బాగుంది' అని లాపో రాశాడు. ఇక్కడికంతా పెద్దాయన ప్రొఫెసర్ అన్సెల్మి గారు కింద సంతకం పెట్టారు. నాకేమో పలకలు అతికే ఆ జిగురు మీద మొదట్నించీ అనుమానం. తోలు అతికిన చేతులండీ ఇవి, ఏ జిగురు గట్టిగా పట్టి విరుగుతుందో, ఏది సాగుతుందో తెలుసు. పోయిన వారం పదకొండు మాడ్యూళ్ళు తీసి జిగురు దాచే ఫ్రీజర్లో పెట్టాను. ఒక్కోసారి ఒక్కోటి."

"ఏమయింది?"

"పదకొండూ పగిలాయి. సన్నటి చీలిక, సూక్ష్మదర్శినిలో చూస్తేగానీ కనపడదు. మీరే చెప్పండి మేడమ్. పదిసార్లు చలిలో పెట్టి తీసినవే అయితే, పగిలేవి అప్పుడే పగలాలి కదా? నా ఫ్రీజర్లో మొదటిసారికే ఎందుకు పగిలాయి?"

ఓర్నెల్లా నమలడం ఆపింది. "అవి అంతకుముందు చలి మొహమే చూడలేదు."

"అదీ! మీకు అర నిమిషంలో తెలిసింది. ఎత్తోరెకి చెబితే 'కళ్ళజోడు మార్చుకో ఫియొరెంజా, లాపో అలాంటివాడు కాదు' అని నామీద విరుచుకుపడ్డాడు. నాకూ మండింది. 'ఏడో బీరువాలో పది ఉన్నాయి, పోయి నీ కళ్ళతోనే చూసుకో' అన్నాను." ఆవిడ తొడుగు కొసతో కళ్ళు తుడుచుకుంది. "నేనే పంపాను మేడమ్ వాడిని. నా నోటితో నేనే పంపాను."

"పది అన్నారు. పదకొండోది?"

"నా తీగల యంత్రం మీద ఉంది, సూక్ష్మదర్శిని కింద. వాడికి చీలిక చూపిద్దామని పెట్టాను."

"మీరు ఎన్నింటికి బయటికొచ్చారు?"

"పోట్లాట అయ్యాక పన్నెండూ యాభైకి లోపలికెళ్ళి దీపం ఆర్పి, సామాను సర్దుకుని, పన్నెండూ యాభై ఎనిమిదికి వచ్చేశాను. రోజూ అయితే సరిగ్గా ఒంటిగంటకి ఆ బీరువాల గదిలోకెళ్ళి తేమ కొలిచే ముళ్ళు చూసి అంకెలు రాసుకుని అప్పుడు భోజనానికి పోతాను. ఇవాళ కోపంలో అదీ చెయ్యలేదు. తిన్నగా క్యాంటీనుకి పోయాను. రెండు దాకా అక్కడే ఉన్నాను. ఇరవై మంది చూశారు."

"ఈ పదకొండు సంగతి ఎత్తోరెకి కాకుండా ఇంకెవరికైనా..."

తలుపు ధడాలున తెరుచుకుంది. వెస్కోవి.

"అయిందా ఒప్పుకోలు? 'నేనే పంపాను' అన్నమాట గుమ్మం దాకా వినపడింది," అన్నాడు.

"తలుపు దగ్గర చెవి పెట్టి వినడం నీకు ఇంట్లో అలవాటా, ఆఫీసులో అబ్బిందా?"

"వెటకారం తరవాత. గొట్టాలు మార్చేది ఎవరు? ఈవిడ. బీరువాలు చూసేది ఎవరు? ఈవిడ. చచ్చినవాడితో పోట్లాడి, వాడిని ఆ గదిలోకి పంపింది ఎవరు? ఈవిడ. క్యాంటీనులో ఉందంటావా? గొట్టం ముందే పీకేసి పోయి పాస్తా తింటూ కూర్చోవచ్చు."

"కూర్చోవచ్చు," అని ఒప్పుకుంది ఓర్నెల్లా. అదే ఆమెని కుదురుగా నిలవనివ్వని సంగతి. "పద, గది చూద్దాం. తొడుగు వేసుకో. నీ సైజుది ఉందో లేదో!"

* * *

తల నుంచి కాళ్ళ దాకా తెల్ల తొడుగులు, మూతికి గుడ్డ, చేతులకి రబ్బరు. గుమ్మంలో నీలం రంగు జిగురు చాప ఉంది. దానిమీద కాలు పెడితే బూటు అడుగున ఉన్న ధూళంతా అంటుకుపోతుంది. మురికైన పొర చింపేస్తే కింద కొత్తది. లోపల గాలి ఒకే తీరున హోరుమంటోంది. పుల్ల బయట పారేసి రావాల్సి వచ్చింది. ఓర్నెల్లా దవడలు ఊరికే ఆడుతున్నాయి.

శవాన్ని మూడింటికే తీసుకెళ్ళారు. బీరువాల గదిలో గాలి ఇప్పుడు మామూలుగానే ఉంది. ఏడో బీరువా గొట్టం వేలాడుతోంది. గొట్టాన్ని బిగించే ఇనుప పట్టీ బీరువా పైన ఉంది. దాని మర సగం దాకా విప్పి ఉంది.

"ఊడిపోయిన గొట్టం పట్టీ నేల మీద పడుతుంది. ఎగిరి బీరువా ఎక్కి కూర్చోదు," అంది ఓర్నెల్లా.

"ప్రమాదమని నేనెప్పుడన్నాను? పీకిందనే అంటున్నాను."

గోడ మీద ప్రాణవాయువు గంట. దాని చిన్న తాళం 'మరమ్మతు' వైపు తిప్పి ఉంది. గంట నోరు నొక్కేశారు.

"ఎంతసేపట్లో పోయి ఉంటాడు?"

"ఒంటిగంటా ఐదుకి కార్డు గీసి వెళ్ళాడు. డాక్టరు చెప్పాడు. రెండు మూడు ఊపిర్లకి స్పృహ పోతుందట. ఊపిరాడని సంగతి కూడా తెలియదట. కొన్ని నిమిషాల్లో ప్రాణం." వెస్కోవి మొదటిసారి తల దించుకున్నాడు. "పాపం."

ఓర్నెల్లా ఏడో బీరువా తెరిచింది. ఖాళీ.

"వెస్కోవి, ఇందులోంచి ఏమైనా తీశావా?"

"నేను దేన్నీ ముట్టుకోలేదు. ఫోటోలు తీసేసరికే ఖాళీగా ఉంది."

"ఇందులో పది మాడ్యూళ్ళు ఉండాలి. ఎత్తోరె శవం దగ్గరా లేవు. మరి రెక్కలొచ్చాయా?"

బీరువా పక్కనున్న తేమ ముల్లు తన పాటికి తాను కాగితం మీద గీత గీస్తూనే ఉంది. పగలంతా నేలబారుగా పాకిన గీత ఒక్కచోట నిలువునా లేచి, మెల్లగా దిగింది. లేచిన సమయం ఒంటిగంటా ముప్పై నాలుగు. బీరువా తలుపు తెరిస్తేనే తేమ అలా లేస్తుంది.

"ఒకటీ ముప్పై నాలుగుకి ఎత్తోరె బతికి లేడు. ఫియొరెంజా క్యాంటీనులో ఉంది. ఈ తలుపు ఎవరు తీశారు?"

వెస్కోవి ఆ గీత మీదికి వంగి చూశాడు. తరవాత, "ముల్లు పాతదేమో!" అన్నాడు.

"నీ బుర్రకన్నా కొత్తదే."

చిన్న గది బయట, క్లీన్ రూమ్ అటు గోడకి సామాను కిటికీ ఉంది. రెండు వైపులా తలుపులున్న ఇనుప గూడు అది. అవతల లాపో పరీక్ష గది, ఇవతల క్లీన్ రూమ్. పెట్టెలు అటూ ఇటూ జరుపుతారు. మనిషి మోకాళ్ళ మీద పాకితే పడతాడు. దాని ముందూ నీలం జిగురు చాప ఉంది. ప్రతి పొర మూల మీదా ఇంకెన్ని మిగిలాయో చెప్పే అంకె. పై పొర మీద 21. గోడకి వేలాడే పట్టికలో ఈ ఉదయం ఎనిమిదింటికి ఎవరో రాసిన అంకె 22.

"ఇవాళ ఒక పొర చింపారు. చింపినవాళ్ళు రాయలేదు," అంది ఓర్నెల్లా. "కాలి గుర్తులు పట్టుకుపోయారన్నమాట."

"కాలి గుర్తులు కావు, ధూళి!" వెస్కోవి గొంతు పెంచాడు. "చాప పొరలు, తేమ ముళ్ళు! మేజిస్ట్రేటు ముందు పెడితే నవ్వుతాడు. నాకు మనిషి కావాలి ఓర్నెల్లా. ఇక్కడ ఇంకో మనిషి నిలబడ్డాడని చూపించు. నిలబడ్డాడని! అప్పుడు సంతకం ఆపిస్తాను."

అద్దం అవతలి నుంచి ఎవరో టకటక కొట్టారు. ఫియొరెంజా. పర్యవేక్షణ గదిలో కంప్యూటరు వైపు వేలు చూపిస్తోంది.

* * *

"ఎత్తోరె పన్నెండున్నరకి కొలత యంత్రం నడిపించి వదిలాడు మేడమ్. భోజనాల వేళ ఎవరూ ఉండరని అప్పుడే పెడతాడు. ఇది దాని లెక్క," అంది ఫియొరెంజా.

కొలత యంత్రం బీరువాల గది అద్దం తలుపుకి ఎదురుగా, రెండడుగుల దూరంలో ఉంది. నల్లరాతి బల్ల మీద మీటరు పొడుగు అల్యూమినియం చట్రం. దాని చివరలున్న రెండు గుండ్ల మధ్య దూరాన్ని యంత్రం నిమిషానికోసారి తాకి కొలుస్తుంది. కొలత కదలకుండా ఉంటేనే మాడ్యూళ్ళని దానిమీద అమరుస్తారు.

తెర మీద గీత పన్నెండున్నర నుంచి చదునుగా ఉంది. ఒంటిగంటా పన్నెండుకి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఒంటిగంటా ముప్పై ఒకటికి శిఖరం. తరవాత నెమ్మదిగా కిందకి.

"పన్నెండు మైక్రాన్లు పెరిగింది, అంటే వెంట్రుకలో ఆరో వంతు. అల్యూమినియం కదా, వేడి తగిలితే సాగుతుంది," అంది ఫియొరెంజా. "ఇక్కడ గాలి వేడి ఎప్పుడూ మారదు. మారేది ఒక్కటే. మనిషి. నేను పక్కన నిలబడి కబుర్లు చెబితే ఎత్తోరె నన్ను తరిమేసేవాడు. 'నీ ఒంటి వేడికి నా చట్రం ఒళ్ళు విరుచుకుంటోంది, పో' అని."

ఓర్నెల్లా తెర దగ్గరికి వంగింది.

"ఆ అద్దం ముందు పంతొమ్మిది నిమిషాలు ఒకరు నిలబడ్డారు," అంది ఓర్నెల్లా మెల్లగా. "ఎత్తోరె నేల మీద పడి ఉన్నప్పుడు."

"మైక్రాన్లు సాక్ష్యం చెబుతాయా?" అన్నాడు వెస్కోవి. గొంతులో మునుపటి బిగువు లేదు.

"నువ్వే చెప్పించు. లోపలికెళ్ళి ఆ అద్దం ముందు పది నిమిషాలు నిలబడు. ఊరికే నిలబడటం నీకు చేతనైన పనేగా!"

వెళ్ళాడు. అద్దం వైపు మొహం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఫియొరెంజా యంత్రాన్ని మళ్ళీ నడిపించింది. రెండు నిమిషాలకి గీత కదిలింది. నాలుగుకి రెండు మైక్రాన్లు. పదికి ఏడు.

"చాలు, రమ్మనండి. ఇంకాసేపుంటే చట్రం కరిగేట్టుంది," అంది ఫియొరెంజా. పగలంతా ఏడ్చిన మొహం మీద తొలిసారి ఏదో నవ్వులాంటిది కదిలింది.

పక్క తెర మీద ధూళి లెక్క. మామూలుగా వందలోపు ఉండే అంకె ఒంటిగంటా పదకొండుకి ఎనిమిది వేలు దాటింది. తొడుగు లేకుండా మామూలు బట్టల్లో ఎవరో వచ్చారు. ఓర్నెల్లా వెనక్కి జరిపి చూసింది. పన్నెండూ నలభై రెండు నుంచి నలభై ఏడు దాకా ఇంకో గుట్ట.

వరండాలో ఫియొరెంజా, ఎత్తోరె అరుచుకుంటున్న సమయమది. అప్పుడు లోపల ఎవరూ లేరు. ఒకసారి వచ్చి గొట్టం విప్పాడు. మళ్ళీ వచ్చి చూశాడు. రెండుసార్లూ సామాను కిటికీలోంచే.

వెస్కోవి చెమట తుడుచుకుంటూ తెర ముందు నిలబడ్డాడు. తన ఒంటి వేడి గీసిన గీత, దాని పక్కన మధ్యాహ్నపు గీత. చాలాసేపు చూశాడు.

"సంతకం ఆపమని ఫోన్ చేస్తాను. కానీ ఎవరని చెప్పను? కిటికీ అవతల గది లాపోది. వరండాలోంచి ఆ గదిలోకి ప్రొఫెసరూ పోవచ్చు, ఇంకెవరైనా పోవచ్చు."

"ఎవరో వాడే చెబుతాడు. పది దొరికినవాడికి పదకొండోది కావాలి. అది ఎక్కడుందో వాడికి ఇంకా తెలియదు."

* * *

అయిదూ ఇరవైకి ఓర్నెల్లా అందరినీ వరండాలో నిలబెట్టింది. ప్రొఫెసర్ అన్సెల్మి తెల్లగడ్డం, నలిగిన కోటు, ఎర్రబడ్డ కళ్ళతో ఉన్నాడు. లాపో బెకాత్తి ముప్పై ఆరేళ్ళవాడు. మధ్యాహ్నం నుంచీ పోలీసులకి నీళ్ళు ఇచ్చింది, తలుపు కార్డుల జాబితా తీసి ఇచ్చింది, ఫియొరెంజా భుజం తట్టింది అతనే.

"లాపో గారూ, ఒకటీ పదకొండు నుంచి ఒకటీ నలభై దాకా మీరెక్కడ?"

"ఫోన్ మీటింగులో ఉన్నానండీ. హాంబుర్గు ప్రయోగశాల వాళ్ళతో. అడగండి."

"అడిగాను. మీరు ఉన్నారట, మాట్లాడలేదట, మొహమూ కనపడలేదట."

"వింటున్నాను. వినడం కూడా పనే కదండీ."

"ప్రొఫెసర్ గారూ, మీరు?"

"నా గదిలో. తలుపు వేసుకుని పడుకున్నాను. నాకు రక్తపోటు ఉందమ్మా." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "శుక్రవారం చివరి పెట్టెలు వెళ్ళాలి. వెళ్ళకపోతే పని ఇంకో దేశానికి పోతుంది, ఇక్కడి నలభై మంది ఇళ్ళకి పోతారు. ఇప్పుడేమో నా ఎత్తోరె..."

"ఇవాల్టికి అయిపోయింది. ఫియొరెంజా గారి యంత్రం మీద సూక్ష్మదర్శిని కింద ఒక మాడ్యూల్ ఉందట. రేపు ఉదయం నిపుణులొచ్చి తీసుకెళతారు. అప్పటిదాకా క్లీన్ రూమ్‌కి సీలు వేస్తున్నాం. అందరూ ఇళ్ళకి వెళ్ళండి," అంది ఓర్నెల్లా.

తలుపుకి ఎర్ర పట్టీ అంటించారు. అడుగుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది.

పర్యవేక్షణ గదిలో దీపాలు ఆర్పి, తెర వెలుతురు తగ్గించి ముగ్గురూ కూర్చున్నారు. కూర్చుంది ఇద్దరే. ఓర్నెల్లా గోడకీ గోడకీ మధ్య నాలుగడుగుల మేర తిరుగుతూనే ఉంది.

"కూర్చో తల్లీ. నిన్ను చూస్తుంటే నా కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు వెస్కోవి.

"ష్."

అయిదూ నలభై ఒకటి. ధూళి అంకె 61. తరవాత 58. తరవాత 64.

తరవాత 4,300.

ఫియొరెంజా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓర్నెల్లా వేలితో వరండా చూపించింది. వెస్కోవి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, పరీక్ష గది వైపు పిల్లిలా నడిచాడు. కిటికీ అవతలి నోరు మూసేందుకు. అంత లావు మనిషి అంత నిశ్శబ్దంగా నడవగలడని ఓర్నెల్లా అనుకోలేదు.

ఆమె ఎర్ర పట్టీ చింపి తలుపు తోసింది. తొడుగు లేదు, మూతిగుడ్డ లేదు. దీపాలు వేసింది.

తీగల యంత్రం దగ్గర లాపో బెకాత్తి. చేతిలో పదకొండో మాడ్యూల్.

"రోడ్డు మీద గుమ్మడికాయల దొంగ అని అరిస్తే భుజాలు తడుముకున్నట్టు వచ్చావే!" అంది ఓర్నెల్లా. "కింద పెట్టు. అది పగులుతుంది. నీకు తెలుసుగా."

అతను కిటికీ వైపు ఉరికాడు. గూట్లోకి సగం దూరాడు. అవతలి నుంచి వెస్కోవి మొహం కనబడింది.

"రా నాయనా, రా. నీకోసమే నిలబడ్డా," అన్నాడు వెస్కోవి.

లాపో వెనక్కి జారి నేల మీద కూలబడ్డాడు. మాడ్యూల్ ఇంకా గుండెలకి హత్తుకునే ఉన్నాడు, పసిపిల్లని పట్టుకున్నట్టు.

"పంతొమ్మిది నిమిషాలు," అంది ఓర్నెల్లా అతని ముందు గొంతుక్కూర్చుని. "తలుపు తియ్యడానికి ఎంతసేపు పడుతుంది లాపో?"

"తీస్తే నాకూ అదే అయ్యేది."

"తరవాత మాడ్యూళ్ళ కోసం ఊపిరి బిగబట్టి వెళ్ళావుగా! ముందే తలుపు బార్లా తెరిచి పరిగెత్తొచ్చు. గంట మోగించొచ్చు. అరవొచ్చు."

"కాళ్ళు కదల్లేదు." అతను అద్దం తలుపు వైపు చూశాడు. "చూశాను. చూస్తూనే ఉన్నాను. ఎత్తోరె... ఎత్తోరె అక్కడ ఉండకూడదు. ఎత్తోరె ఎందుకెళ్ళాడు అక్కడికి? ఒంటిగంటకి ఆ గదిలోకి వెళ్ళేది ఎత్తోరె కాదు."

ఓర్నెల్లా వెనక్కి తిరిగింది.

అద్దం అవతల ఫియొరెంజా నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా విన్నది.

"నేను," అంది ఫియొరెంజా. "రోజూ ఒంటిగంటకి నేను. తేమ ముళ్ళు చూడ్డానికి."

లాపో ఆవిడ మొహం చూడలేక తల తిప్పుకున్నాడు.

"మొన్న నా పుట్టినరోజుకి కేకు కోసి నోట్లో పెట్టావు కదరా లాపో! వాడితో పోట్లాట పెట్టుకోకపోతే ఇప్పుడు నేను..." ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది.

ఓర్నెల్లా లేచింది. మధ్యాహ్నం వెస్కోవి తలుపు తోసుకు రావడంతో గొంతులోనే ఆగిపోయిన ప్రశ్న ఇప్పుడు నోట్లోకి వచ్చింది.

"సిన్యోరా, పదకొండు మాడ్యూళ్ళు పగిలిన సంగతి ఎత్తోరెతో ఇవాళే కదా చెప్పారు?"

"అవును. పన్నెండూ నలభైకి."

"ఇతను పన్నెండూ నలభై రెండుకే గొట్టం విప్పడానికి లోపలికొచ్చాడు. రెండు నిమిషాల్లో ఈ ఆలోచన పుట్టదు. ముందే తెలుసు. లాపో, నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తెలిసింది." జవాబు మరీ తొందరగా వచ్చింది.

"సిన్యోరా, ఇంకెవరితో అన్నారు?"

"సోమవారం ప్రొఫెసర్ గారితో," అంది ఫియొరెంజా. "ఎవరితోనూ అనకమ్మా, నేను చూసుకుంటాను అన్నారు. రెండు రోజులైనా ఆయన ఏం చెయ్యకపోతే, ఇంక ఆగలేక ఎత్తోరెకి చెప్పేశాను."

లాపో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వెస్కోవి కిటికీ గూట్లోంచి పాక్కుంటూ ఇవతలికొచ్చి, చొక్కా దులుపుకుంటూ ఆగిపోయాడు.

"ప్రొఫెసర్ ఇంటికి వెళ్ళిపోయాడా?" అడిగింది ఓర్నెల్లా.

"లేదు మేడమ్." ఫియొరెంజా మెట్ల వైపు తల తిప్పింది. "మీరు అందరినీ పంపేటప్పుడు నన్ను పక్కకి పిలిచారు. నీ బస్సు ఈపాటికి పోయి ఉంటుంది, ఈ స్థితిలో ఒక్కదానివీ వెళ్ళొద్దు, ఎంతసేపైనా ఆగి నేనే దింపుతానన్నారు. కింద కారులో కూర్చుని ఉన్నారు. నాకోసం."

ఓర్నెల్లా ఫియొరెంజా మెడలోని ఊదారంగు కండువా నెమ్మదిగా విప్పి, తన తలకి చుట్టుకుంది.

"మీరు ఇక్కడే కూర్చోండి సిన్యోరా," అంది. "ఇవాళ మీ బదులు నేను వెళతాను."